లాయం లెక్కల్లో లేని మనిషి

కడప జిల్లా చరిత్ర ఎవరు రాసినా గుర్రం వస్తుంది. గండికోట గురించి రాస్తే పెమ్మసాని నాయకుల గుర్రపు దళాలు వస్తాయి. కంపెనీ కాలం గురించి రాస్తే దొర గుర్రం మీద ఊళ్ళు తిరగడం వస్తుంది. ప్రొద్దుటూరు పాతరోజులు చెప్పమంటే ముసలివాళ్ళు జట్కాబండ్ల దగ్గర మొదలుపెడతారు. అయితే ఆ గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టినవాళ్ళు, గడ్డి కోసి మోపులు తెచ్చినవాళ్ళు, లద్దె ఎత్తినవాళ్ళు, గిట్టకు లాడం కొట్టినవాళ్ళు ఆ చరిత్రలో కనబడరు. గుర్రానికి జబ్బు చేస్తే ఆ జబ్బు మొదట సోకేది వాళ్ళకే.

మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఎరుకల, సుగాలి, యానాది కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం. గాడిదల మీద, పెరికెద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన పెద్దల పిల్లలం. గుర్రాలు, గాడిదల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల చరిత్రను మా వైపు నుంచి చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది పశువైద్యులకు మాత్రమే సంబంధించిన విషయం అనుకుంటారు. ఇందులో మన చరిత్ర చాలా ఉంది.

చచ్చిన గుర్రానికీ ధర ఉండేది

దక్కన్ నేల గుర్రాల పెంపకానికి అంతగా కలిసిరాలేదు. అందుకే విజయనగర రాజులు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో గుర్రాలు తెప్పించుకున్నారు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ 1530ల ప్రాంతంలో రాసిపెట్టిన వివరాల్లో ఒక విచిత్రమైన సంగతి ఉంది. నరసింహరాయలు గుర్రాల్ని బతికున్నా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చచ్చిపోయినవాటి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంత డబ్బు ఇచ్చేవాడట. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా నూనిజే రాశాడు. చచ్చిన గుర్రం తోకకు సైతం లెక్క ఉన్న కాలం అది. అదే ఓడలో గుర్రాల్ని కాచిన మనిషి చచ్చిపోతే ఏ లెక్కలో రాసేవారో మనమే ఊహించుకోవాలి.

మీర్ జుమ్లా 1650లో గండికోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అతన్ని కలవడానికి గండికోటకు వచ్చాడు. ఈ టావెర్నియే తన యాత్రల పుస్తకంలో బంజారాల గురించి కూడా రాశాడు. వేలాది ఎద్దుల మీద ఒక గుంపు ధాన్యం, ఒక గుంపు బియ్యం, ఒక గుంపు పప్పులు, ఒక గుంపు ఉప్పు మోసుకుంటూ దేశమంతా తిరిగేవాళ్ళని రాశాడు. మన ప్రాంతంలో సుగాలీలని పిలిచేది వాళ్ళనే. మొగలుల సైన్యానికీ, తర్వాత ఇంగ్లీషువాళ్ళ సైన్యానికీ తిండి అందించింది ఈ బిడారులే.

సైన్యం ఆగిన తావులో బిడారు ఆగుతుంది. ఒకే చెరువులో గుర్రాలు, ఎద్దులు, గాడిదలు నీళ్ళు తాగుతాయి. ఒక లాయంలో దాణా తొట్టి అన్ని గుర్రాలకూ ఒకటే. ఒక ఊరి గుర్రం మరో ఊరి సంతలో అమ్ముడవుతుంది. జబ్బు నడిచే దారులు కూడా ఇవే.

గ్లాండర్స్ అంటే ఏమిటి

గుర్రాల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల్లో అన్నిటికంటే భయపెట్టింది గ్లాండర్స్. ఇది గుర్రాలకు, గాడిదలకు, కంచర గాడిదలకు వస్తుంది. ముక్కులోంచి చిక్కటి చీము కారుతుంది. ముక్కు లోపల పుండ్లు పడతాయి. దగ్గు, జ్వరం వస్తాయి. కొన్నిటికి కాళ్ళ మీద, పొట్ట మీద తాడుకు ముళ్ళు వేసినట్టు వరసగా గడ్డలు లేచి పగులుతాయి. గడ్డలు లేచే ఈ రూపానికి ఇంగ్లీషులో ఫార్సీ అని వేరే పేరుంది. గుర్రానికి పైకి ఏమీ కనబడకుండా నెలల తరబడి లోపలే ఉండి, ఇతర గుర్రాలకు అంటించడం కూడా ఈ జబ్బు లక్షణమే.

ముక్కు తుడిచిన చేతికి చిన్న గాయం ఉన్నా, చీము తుంపర కంట్లో పడినా మనిషికి ఇది అంటుకోవచ్చు. మనిషిలో జ్వరం, ఒంటి మీద పుండ్లు, కండల్లో చీముగడ్డలు, ఊపిరితిత్తుల వాపు వస్తాయి. యాంటీబయాటిక్ మందులు రాకముందు జబ్బు నెత్తురులోకి ఎక్కితే బతికినవాళ్ళు చాలా అరుదు. ఇప్పుడు నెలల తరబడి మందులు వాడితే నయమయ్యే అవకాశం ఉంది. ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి: దారిన పోయే గుర్రాన్ని తాకినంత మాత్రాన ఇది రాదు. జబ్బు గుర్రంతో రోజూ మెలిగేవాళ్ళకే ప్రమాదం. అంటే సైసులకు, లాడం కొట్టేవాళ్ళకు, పశువైద్యులకు, ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళకు.

ఈ జబ్బు సూక్ష్మజీవిని 1882లో జర్మనీలో లోఫ్లర్, షుట్జ్ అనే ఇద్దరు కనిపెట్టారు. గుర్రంలో దాగున్న జబ్బును బయటపెట్టే మాలీన్ పరీక్షను రష్యన్ సామ్రాజ్యంలో హెల్మన్, కాల్నింగ్ అనే పశువైద్యులు 1891లో విడివిడిగా తయారుచేశారు. ఆ పనిలోనే కాల్నింగ్‌కు గ్లాండర్స్ సోకి చనిపోయాడు. అతని పేరు శాస్త్రచరిత్రలో నిలిచింది, నిలవాల్సిందే. అదే జబ్బుతో లాయాల్లో పోయిన పనివాళ్ళకు అలా పేర్లు నిలవలేదు.

రెండు చట్టాలు

ఇంగ్లీషు ప్రభుత్వానికి గుర్రం అంటే సైన్యం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో మద్రాసు రేవుకు గుర్రాలు వచ్చేవి. వాటికి వేలర్లని పేరు. తెలుగువాళ్ళు చాలామంది ఉన్న హోసూరులో సైన్యానికి గుర్రాల్ని సిద్ధంచేసే కేంద్రం ఉండేది. అంత ఖరీదైన గుర్రాలకు జబ్బు చేస్తే ఊరుకోరు కదా. గ్లాండర్స్, ఫార్సీ మీద 1879లో ఒక చట్టం చేశారు. దాన్ని మార్చి 1899లో మరో చట్టం తెచ్చారు. ఇన్‌స్పెక్టరు ఏ లాయంలోకైనా వెళ్ళి వెతకవచ్చు. అనుమానమున్న గుర్రాన్ని పట్టుకోవచ్చు. జబ్బు తేలితే చంపించవచ్చు. జబ్బున్న తావు నుంచి అనుమతి కాగితం లేకుండా గుర్రాన్ని కదిలించడం నేరం.

ఇదే కాలంలో ఇంకో చట్టం వచ్చింది. 1871లో నేరస్త తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళతో పాటు ఎన్నో సంచార కులాల్ని పుట్టుకతో నేరస్తులని రాశారు. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసుల ముందు హాజరు వేయించుకోమన్నారు. ఊరు దాటాలంటే పాసు ఉండాలన్నారు. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్ల కథ మన పిల్లలందరికీ తెలిసిందే.

ఈ రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చదవమని మేము యువకుల్ని కోరుతున్నాం. రెండింటిలోనూ రిజిస్టరు ఉంది, తనిఖీ ఉంది, కదలాలంటే కాగితం ఉంది. తేడా ఏమిటంటే, గుర్రాన్ని కట్టడి చేయడానికి కారణం ఉంది. దాని ఒంట్లో సూక్ష్మజీవి ఉంది. పరీక్షలో తేలితేనే దాన్ని జబ్బు గుర్రం అన్నారు, తేలకపోతే వదిలేశారు. మన పెద్దల విషయంలో ఏ పరీక్షా లేదు. కులం పేరు చాలు. నెత్తురులో రోగం ఉండవచ్చు, నేరం ఉండదు. ఆ చిన్న తేడాను గుర్రం విషయంలో గుర్తించిన ప్రభుత్వం మనుషుల విషయంలో గుర్తించలేదు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

సంచారం నేరంగా మారడానికి ముందే సంచారుల బతుకు దెబ్బతింది. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారం కంపెనీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. గాడిదల మీద ఉప్పు మోసిన ఉప్పు ఎరుకలవాళ్ళకు అది మొదటి దెబ్బ. ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయే మద్రాసు రైలు దారి 1871 నాటికి రాయచూరు దాకా పూర్తయింది. పెరికెద్దు మోసేది రైలుపెట్టె మోయడం మొదలుపెట్టింది. 1876-78 కరువులో మనుషులతో పాటు పశువులూ కుప్పలుగా చచ్చాయి. వ్యాపారులుగా ఉన్నవాళ్ళు కూలీలయ్యారు, తర్వాత కాగితం మీద నేరస్తులయ్యారు.

చూసినవాళ్ళకే కనబడింది

జబ్బుల చరిత్రలో ఇంకో రెండు సంఘటనలు మనకు పనికొస్తాయి. గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సర్రా జబ్బుతో చస్తున్న గుర్రాల, ఒంటెల నెత్తురును సూక్ష్మదర్శిని కింద చూశాడు. మెలికలు తిరుగుతూ ఈదే పరాన్నజీవి కనబడింది. జబ్బుకు కారణం అదేనని అతను చెబితే పైఅధికారులు మొదట నమ్మలేదు. జోరీగలు కుట్టడం వల్ల ఇది ఒక పశువు నుంచి మరో పశువుకు పోతుంది. సర్రా మనుషులకు రాదని వందేళ్ళకు పైగా అందరూ అనుకున్నారు.

2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా సివనీ గ్రామంలో ఒక రైతుకు నెలల తరబడి జ్వరం వచ్చి పోతూ ఉంది. నెత్తురు పరీక్ష చేస్తే మలేరియా కాదు, సర్రా పరాన్నజీవి కనబడింది. మనిషి నెత్తురులో దీన్ని స్పష్టంగా నిరూపించడం ప్రపంచంలో అదే మొదటిసారి. పశువుల నెత్తురు అతని చేతి గాయాలకు తగిలి ఉంటుందని భావించారు. సురామిన్ అనే మందుతో నయమైంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో 1,800 మందికి పైగా పరీక్షించారు. ఆ రైతు నెత్తురులో ఈ పరాన్నజీవిని చంపే ఒక ప్రోటీన్ లోపించిందని తేల్చారు. ఆ ప్రోటీన్ ఉన్న మిగతావాళ్ళకు సర్రా రాకపోవడానికి కారణం కూడా ఇదే. చంద్రపూర్ అంటే గోండుల నేల, మన తెలంగాణ సరిహద్దు. జ్వరం రాగానే మలేరియా మాత్రలిచ్చి పంపేసి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

రెండో సంఘటన రంగూన్‌లో జరిగింది. మన కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి వలసపోయిన ఊరు అది. 1911లో అక్కడ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే వైద్యులు శవపరీక్షల్లో గ్లాండర్స్ లాంటి చీముగడ్డల్ని చూశారు. చచ్చిపోయినవాళ్ళు దిక్కులేని పేదవాళ్ళు, మార్ఫిన్ సూదికి అలవాటుపడినవాళ్ళు. వాళ్ళకు గుర్రాలతో సంబంధం లేదు. వెతికితే అది గ్లాండర్స్ కాదని, దాని దగ్గరి చుట్టమైన ఇంకో సూక్ష్మజీవి అని తేలింది. ఆ జబ్బును ఇప్పుడు మెలియోయిడోసిస్ అంటున్నాం. ఇది తడినేలలో, బురదనీటిలో ఉంటుంది. వరిమడిలో పనిచేసే మన కూలీలకు దీని గురించి తెలియాలి. పేదవాడి జబ్బుకు పేరు రావడానికి అతని శవాన్ని కోసి చూసేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పటి సంగతి

గ్లాండర్స్ పోయింది అనుకున్నారు. 2006లో మహారాష్ట్రలో మళ్ళీ బయటపడింది. తర్వాత చాలా రాష్ట్రాల్లో కనబడింది. 1899 చట్టం స్థానంలో 2009లో పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం వచ్చింది. జబ్బు అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో గ్రామ పంచాయతీకో చెప్పడం ఇప్పుడు చట్టరీత్యా బాధ్యత. గుర్రం నెత్తురును హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు. ఈ జబ్బుకు టీకా లేదు. తేలిన గుర్రాన్ని బతకనివ్వరు.

మన దగ్గర గుర్రాలు ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో కనబడతాయి. గాడిదలు ఇసుక, ఇటుక మోస్తూ కొన్నిచోట్ల ఉన్నాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గాడిదలు 1.2 లక్షలే మిగిలాయి. ఏడేళ్ళలో అరవై శాతానికి పైగా తగ్గాయి. ఉన్న గాడిదల్లో కొన్ని పాల కోసం వీధులు తిరుగుతున్నాయి. పసిబిడ్డకు ఉబ్బసం రాదని, గొంతు బాగుంటుందని ఉగ్గుగిన్నెడు గాడిదపాలు పచ్చిగానే తాగిస్తారు. ఏ పశువు పచ్చిపాలైనా బ్రూసెల్లోసిస్ వంటి జబ్బుల్ని మోయగలవు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. ఈ మాట పాలమ్మే కుటుంబాల పొట్టకొట్టడానికి చెప్పడం లేదు. పాలు కాచి, పెద్దవాళ్ళకు అమ్ముకోవచ్చు.

గాడిద మాంసం సంగతి వేరు. ఆహార భద్రత నిబంధనల్లో తినదగిన పశువుల జాబితాలో గాడిద లేదు. అందుకే అది చాటున కోస్తారు, పశువైద్యుడు చూడడు. 2014లో ఫిలిప్పీన్స్‌లో జబ్బు గుర్రాల్ని కోసినవాళ్ళకు, తిన్నవాళ్ళకు నిపా జాతి వైరస్ సోకింది. 17 మందికి జబ్బు చేసింది, చాలామంది చనిపోయారు. అంతకుముందు 1994లో ఆస్ట్రేలియాలోని హెండ్రా అనే చోట గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు ఒక కొత్త వైరస్ వచ్చింది. దానికి ఆ ఊరి పేరే పెట్టారు. అక్కడ చనిపోయిన మొదటి మనిషి గుర్రాల శిక్షకుడు. ఏ దేశంలోనైనా ముందు పోయేది లాయంలో ఉన్నవాడే.

పశువుకు వచ్చే ప్రతి జబ్బూ దాన్నుంచి మనిషికి వస్తుందనుకోవడం కూడా ప్రమాదమే. మెదడువాపు వ్యాధి గుర్రానికి వస్తుంది, గుర్రం నుంచి మనిషికి రాదు. ఆ వైరస్ పందుల్లో, కొంగల్లో పెరిగి దోమల ద్వారా వస్తుంది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు చాలామంది పిల్లల్ని పొట్టనబెట్టుకుంది. ఇలా జరిగినప్పుడల్లా ముందు వేలెత్తి చూపేది పందులు పెంచే ఎరుకల గుడిసెల వైపు. దోమలు పెరిగే మురుగుకాల్వ ఎవరిది, పిల్లలకు టీకా ఎందుకు అందలేదు అని అడగరు. జబ్బు ఎలా వస్తుందో మనకు తెలిసి ఉంటే, మనమీద పడే నింద ఎంతవరకు నిజమో చెప్పగలం. పందుల్ని ఇళ్ళకు దూరంగా, దోమలు రాకుండా పెంచే ఏర్పాటు కావాలని అడగగలం.

టీచర్లు పిల్లలకు చెప్పవలసినవి

గుర్రం పేగుల్లో, లద్దెలో ధనుర్వాతం సూక్ష్మజీవి ఉంటుంది. లాయం దగ్గర మేకు గుచ్చుకుంటే, గాయానికి లద్దె తగిలితే ధనుర్వాతం టీకా వేయించాలి. బొడ్డుకోసిన చోట పేడ, బూడిద పెట్టే అలవాటు వల్ల పూర్వం ఎందరో పసికందులు పోయారు. తల్లులకు టీకాలు, ఆసుపత్రి కాన్పుల వల్ల 2015 నాటికి మన దేశం ఈ పసిపిల్లల ధనుర్వాతాన్ని దాదాపు అరికట్టగలిగింది.

పిచ్చికుక్క కరిచిన గుర్రానికి, గాడిదకు రేబిస్ వస్తుంది. అలాంటి పశువు కరిచినా, దాని చొంగ గాయానికి తగిలినా సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. ఉన్నట్టుండి చచ్చి ముక్కుల్లోంచి నల్లని నెత్తురు కారే పశువును కోయకూడదు, తోలు తీయకూడదు. అది దొమ్మరోగం కావచ్చు. తామర వంటి చర్మవ్యాధులు కూడా గుర్రం నుంచి మనిషికి అంటుతాయి. గుర్రం ముక్కు తుడిచే గుడ్డను వేరే గుర్రానికి వాడకూడదు, చేతికి గాయం ఉంటే ఆ పని చేయకూడదు. పశువుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

గుర్రం నుంచి జబ్బులే కాదు, ప్రాణాలూ వచ్చాయి. పాముకాటుకు వేసే మందు గుర్రం నెత్తురు నుంచే తయారవుతుంది. గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తారు, దాని నెత్తురులో విరుగుడు తయారవుతుంది. ఆ విషం చాలాకాలంగా ఎక్కువభాగం చెన్నై దగ్గర 1978లో ఇరుళ గిరిజనులు పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తోంది. పాములు పట్టడంలో మన యానాదులకూ అలాంటి నైపుణ్యమే ఉంది. పొలంలో పాముకాటు తిన్న ఏ కులంవాడికి ఆ సూది వేసినా, అందులో ఒక గిరిజనుడి చేతిపని ఉందని మన పిల్లలు తెలుసుకోవాలి.

ఇప్పుడు మన జిల్లాలోనే 2008 నుంచి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. పులివెందులలో పశువుల పరిశోధనకు కట్టిన పెద్ద కేంద్రం ఉంది. తరాల తరబడి పశువుల వెంట నడిచిన తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, యానాది గూడేల నుంచి ఎంతమంది పిల్లలు ఆ కళాశాల మెట్లెక్కారో ప్రతి టీచరూ తన ఊళ్ళో లెక్క తీయాలి. ఇంటర్లో బైపీసీ తీసుకునే పిల్లలకు ఈ దారి ఉందని చెప్పాలి. అక్కడ చదివిన మన పిల్ల ఒక్కతి ఉన్నా, గుర్రం నెత్తురు పరీక్షకు పంపేటప్పుడు పక్కన నిలబడ్డ సైసుకు ఎన్నాళ్ళుగా జ్వరం వస్తోందని అడుగుతుంది. అతని పేరు కూడా కాగితం మీద రాస్తుంది.